అరవై పదబంధాలు తెలిసినా అభిప్రాయం ఎందుకు చెప్పలేకపోతున్నాం?

ప్రశ్న: ఏడాదిన్నరగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. చదివితే అర్థమవుతుంది, జరిగిన సంగతి వరుసగా చెప్పగలను. వారానికొకసారి ఆన్‌లైన్‌లో మెక్సికోకు చెందిన ఒకావిడతో సంభాషణ సాధన చేస్తాను. ఆమె ఏ విషయం మీదనైనా ‘కె ఒపీనాస్?’, అంటే నీ అభిప్రాయమేమిటి, అని అడిగితే మాత్రం ‘మె గుస్త’ (నచ్చుతుంది), ‘నొ మె గుస్త’ (నచ్చదు) దాటి నా నోట మాట రాదు. అభిప్రాయాలు చెప్పడానికి పనికివచ్చే అరవై పదబంధాలు నోటుపుస్తకంలో రాసుకుని బట్టీ పట్టాను. ఒక్కటీ సమయానికి గుర్తుకు రాదు. ‘క్రేఓ కె’, ‘పియెన్సొ కె’, ‘మె పరేసె కె’ అనే వాటి మధ్య తేడా ఏమిటి? వాటి తరువాత క్రియ ఎప్పుడు మారుతుంది? స్పానిష్ ప్రావీణ్యాన్ని కొలిచే డెలె పరీక్షకు, బి2 స్థాయిలో, కూర్చోవాలని కూడా ఉంది. అసలు ఒక విషయం మీద నాకు అభిప్రాయమే లేకపోతే ఏమని చెప్పాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నా దృష్టి నిలిచిపోయిన మాట ‘అరవై’. అరవై పదబంధాలు కంఠస్థం చేసిన మీకు మాటల కొరత లేదు. మీరు వాటన్నిటినీ ఒకే అర్థమున్న పర్యాయపదాలుగా, ఒకదాని కింద ఒకటి రాసుకుని ఉంటారని నా ఊహ. అలా రాసుకున్నప్పుడు ఎదుటివారు అడిగిన క్షణంలో అరవైలో దేన్ని తీయాలో తేల్చే ఆధారం మీ దగ్గర ఉండదు. మనసు తడుముకుంటుంది, చివరికి మొదటి నెలలో నేర్చుకున్న ‘మె గుస్త’ ఒక్కటే చేతికి తగులుతుంది.

అభిప్రాయం చెప్పే మాట పని ఏమిటో ఒకసారి తెలుగులోనే చూడండి. ‘వస్తాడు’, ‘వస్తాడేమో’, ‘వస్తాడనుకుంటాను’, ‘వస్తాడట’, ‘వచ్చేట్టున్నాడు’, ‘వచ్చి తీరతాడు’. సంగతి ఒకటే, మారుతున్నది ఆ సంగతికి మనం ఎంతవరకు పూచీ పడుతున్నామన్నది. ఈ తేడాలు మనకు ఎవరూ నేర్పలేదు, అయినా ఏనాడూ తడబడం. స్పానిష్‌లోనూ ‘క్రేఓ కె’, ‘సుపోంగొ కె’, ‘ఎస్తోయ్ సెగూర దె కె’ వంటివి చేసే పని ఇదే. కాబట్టి అరవైని పక్కన పెట్టి, పూచీ ఎక్కువ తక్కువలను బట్టి ఆరింటిని మాత్రం ఉంచుకోండి. పూర్తి పూచీ పడేటప్పుడు ‘ఎస్తోయ్ సెగూర దె కె’ (స్త్రీ అయితే సెగూర, పురుషుడైతే సెగూరొ), మామూలుగా అనుకుంటున్నాను అనడానికి ‘క్రేఓ కె’, నాకు అలా తోస్తోంది అనడానికి ‘మె పరేసె కె’, కొంచెం వెనక్కి తగ్గి చెప్పడానికి ‘యొ దిరీయ కె’, ఊహ మాత్రమేనని తెలపడానికి ‘సుపోంగొ కె’, ఒప్పుకోనప్పుడు ‘నొ క్రేఓ కె’. నా మాట నమ్మండి, ఒక గంట సంభాషణకు ఈ ఆరూ సరిపోతాయి.

మీరు అడిగిన మూడింటిలో ‘మె పరేసె’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తెలుగు మాట్లాడేవారికి ఇది దాదాపు అయాచితంగా వచ్చే ఆస్తి, అయినా మనలో చాలామందిమి స్పానిష్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటాం కనుక దాన్ని వాడుకోము. ‘మె పరేసె’ అంటే అక్షరాలా ‘నాకు అనిపిస్తుంది’. ‘మె’ అన్నది మన ‘నాకు’. అనిపించే మనిషి కర్త కాదు, ఆ అనిపించడం అతనికి జరుగుతుంది. ‘ల పెలీకుల మె పరెసియో లార్గ’ అన్న వాక్యాన్ని ‘సినిమా నాకు పొడుగనిపించింది’ అని మాటకు మాట పెట్టి చూడండి, ఒక్క ముక్క కూడా మిగలదు. ‘మె గుస్త’ కూడా అంతే, ‘నాకు నచ్చుతుంది’. పాట ఒకటైతే ‘నచ్చింది’, పాటలు ఎక్కువైతే ‘నచ్చాయి’ అని మనం క్రియను నచ్చిన వస్తువును బట్టి మార్చినట్టే, స్పానిష్‌లో ‘మె గుస్తో’, ‘మె గుస్తారోన్’ అని మారుతుంది. ఇంగ్లీషులో ఆలోచించి స్పానిష్ మాట్లాడేవారు దీని దగ్గర ఏళ్ల తరబడి తడబడతారు. మీరు ఇంగ్లీషును మధ్యలోకి రానివ్వకుండా ‘నాకు’ దగ్గర మొదలుపెడితే చాలు.

ఇందులోనే ఇంకొక సంగతి ఉంది, పాఠ్యపుస్తకాలలో ఇది ఒక మూలన కనిపిస్తుంది గానీ సంభాషణలో అడుగడుగునా కావాలి. ఎదుటి మనిషి ‘మె పరేసె కారొ’, అంటే ‘నాకు ఖరీదనిపిస్తోంది’ అన్నప్పుడు మీరు ఏకీభవిస్తే ‘ఆ మీ తంబియెన్’ అనాలి. అదే ఆవిడ ‘క్రేఓ కె ఎస్ కారొ’, అంటే ‘ఖరీదనుకుంటున్నాను’ అంటే మీ జవాబు ‘యొ తంబియెన్’. మొదటిది ‘నాకూ’, రెండవది ‘నేనూ’. తెలుగులో ఎవరైనా ‘నాకు అలా అనిపిస్తోంది’ అంటే ‘నేనూ’ అని జవాబివ్వం, ‘నాకూ’ అంటాం. స్పానిష్ చెవికి కూడా ఆ పొరపాటు అంతే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ఎదుటివారు కాదన్నదాన్ని మీరూ కాదనేటప్పుడు ‘తంబియెన్’ బదులు ‘తంపోకొ’ వస్తుంది: ‘ఆ మీ తంపోకొ’, ‘యొ తంపోకొ’.

ఇక ‘క్రేఓ కె’, ‘పియెన్సొ కె’ల మధ్య రోజువారీ మాటల్లో తేడా చాలా తక్కువ. ఎక్కువగా వినిపించేది ‘క్రేఓ కె’. ‘పియెన్సొ’కు మూలమైన పెన్సార్ అనే క్రియ, బరువు తూయడం అనే అర్థమున్న పెసార్ అనే క్రియ, రెండూ ఒకే లాటిన్ మాట నుంచి పుట్టాయి, మనం ‘తూచి మాట్లాడు’ అన్నట్టే, ‘పియెన్సొ కె’లో కొంత ఆలోచించి చెప్పిన ధ్వని ఉంటుంది. ‘ఒపీనొ కె’, ‘కొన్సిదేరొ కె’, ‘ఎన్ మి ఒపినియోన్’, ‘ఆ మి హుఇసియొ’ వంటివి, అన్నీ ‘నా అభిప్రాయంలో’ అనే అర్థానివే, వ్యాసానికి, సమావేశానికి తగినవి. స్నేహితురాలితో సినిమా గురించి మాట్లాడుతూ ‘ఆ మి హుఇసియొ’ అంటే వాక్యం తప్పు కాదు గానీ సందర్భానికి మించిన లాంఛనం అవుతుంది. స్పానిష్‌లో కూడా క్రియే కర్తను తెలుపుతుంది కనుక ‘యొ’ (నేను) సాధారణంగా అవసరం లేదు, కానీ ‘యొ క్రేఓ కె’ అని సంభాషణలో తరచుగా వింటారు. ‘నా మటుకు నేను’ అని వేరుగా నిలబడడానికి అది పనికివస్తుంది. అడగడంలోనూ ఒక మెలకువ కావాలి. ‘కె పియెన్సాస్ దె...?’ అంటే దాని గురించి ఏమనుకుంటున్నావని, ‘ఎన్ కె పియెన్సాస్?’ అంటే ఏమిటి ఆలోచిస్తున్నావని. అలాగే ‘కె తె పరేసె?’ అన్నది నువ్వు అనే చనువున్న చోట, ‘కె లె పరేసె?’ అన్నది మీరు అని మన్నించే చోట. ఈ తేడా మనకు వేరే చెప్పనక్కరలేదు.

క్రియ ఎప్పుడు మారుతుందన్న మీ ప్రశ్న అన్నిటికంటే బరువైనది. చాలా చోట్ల ‘సందేహం ఉంటే సబ్‌జంక్టివ్’ (స్పానిష్ క్రియకు మామూలు రూపం కాక ఉండే ఇంకొక రూపం) అని నేర్పుతారు. ఆ సూత్రం సగం దూరమే తీసుకువెళుతుంది, అందుకే మీరు మధ్యలో ఆగిపోతున్నారు. దాని బదులు పూచీ సంగతి తిరిగి గుర్తుచేసుకోండి. ‘కె’ తరువాత వచ్చే మాటను మీరు మీ మాటగా ఎదుటివారి ముందు పెడుతున్నారా, లేదా? పెడుతుంటే మామూలు క్రియ, అంటే ఇండికేటివ్, పెట్టకపోతే సబ్‌జంక్టివ్. ‘క్రేఓ కె తియేనె రసోన్’ అంటే ఆయన చెప్పింది నిజమేననుకుంటున్నాను. నిజమన్న మాటకు మీరు కొంతైనా పూచీ పడ్డారు, కాబట్టి ‘తియేనె’. ‘నొ క్రేఓ కె తేంగ రసోన్’ అంటే నిజమని నేననుకోను; ఆ మాటను ఎత్తింది పక్కకు పెట్టడానికే, కాబట్టి ‘తేంగ’. మరి ‘క్రేఓ కె నొ తియేనె రసోన్’ సంగతి? ఇక్కడ ‘లేదు’ అన్నది లోపలి వాక్యంలోకి వెళ్లింది, నిజం కాదనే మాటను మీరు ముందు పెడుతున్నారు, దానికి పూచీ మీదే, కాబట్టి తిరిగి ‘తియేనె’. తెలుగులో ‘నిజమనుకోను’, ‘నిజం కాదనుకుంటున్నాను’ అన్న రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదువుకుంటే ఆ తేడా చెవికే తెలుస్తుంది.

సందేహమన్న సూత్రం ఎక్కడ విఫలమవుతుందో చూడండి. ‘మె పరేసె బియెన్ కె త్రబాహెస్ దెస్దె కాస’ అంటే నువ్వు ఇంటి నుంచి పని చేయడం నాకు బాగానే అనిపిస్తోంది. ఆ మనిషి ఇంటి నుంచే పని చేస్తున్నాడు, అందులో రవ్వంత సందేహం లేదు. అయినా ‘త్రబాహాస్’ కాక ‘త్రబాహెస్’ అనే సబ్‌జంక్టివ్ వచ్చింది. ఎందుకంటే మీరు ఆ సంగతిని తెలియజేయడం లేదు, అది ఇద్దరికీ తెలిసినదే. దాని మంచిచెడ్డలు మాత్రం తూస్తున్నారు. అందువల్ల ఉత్త ‘మె పరేసె కె’ తరువాత ఇండికేటివ్ వస్తుంది, ‘మె పరేసె బియెన్ కె’, ‘మె పరేసె రారొ కె’ (వింతగా అనిపిస్తోంది), ‘మె పరేసె ఇన్‌హూస్తొ కె’ (అన్యాయమనిపిస్తోంది) వంటి వాటి తరువాత సబ్‌జంక్టివ్ వస్తుంది. మధ్యలో చేరిన విశేషణం నిజాన్నే చాటేదైతే, ఉదాహరణకు ‘మె పరేసె ఎబిదెంతె కె’ (స్పష్టమేననిపిస్తోంది), తిరిగి ఇండికేటివే. దీని కోసం క్రియారూపాల పట్టికలన్నీ ఇప్పుడే నేర్చుకోవద్దు. తియేనె–తేంగ, ఎస్–సేయ, ఎస్తా–ఎస్తే, ఆయ్–ఆయ, ప్వేదె–ప్వేద, బా–బాయ, ఆసె–ఆగ అనే ఏడు జంటలు నాలుక మీద ఆడితే, అభిప్రాయాలు చెప్పడంలో మీకు ఎదురయ్యే సందర్భాలలో చాలా భాగం గట్టెక్కుతాయి.

‘కె’కు ముందు ‘దె’ పెట్టాలా వద్దా అన్నది స్పానిష్ మాతృభాషగా ఉన్నవారు కూడా తప్పే చోటు. ‘పియెన్సొ దె కె’ అనడాన్ని దెకెయీస్మొ అని పేరు పెట్టి మరీ స్పానిష్ రాయల్ అకాడమీ తప్పుగా పరిగణిస్తుంది. ‘క్రేఓ’, ‘పియెన్సొ’, ‘ఒపీనొ’ల తరువాత ‘దె’ రాదు. ‘ఎస్తోయ్ సెగూర’, ‘ఎస్తోయ్ కొన్‌బెన్సీద’ (నాకు గట్టి నమ్మకం)ల తరువాత రావాలి.

ఏకీభవించడానికి ‘ఎస్తోయ్ దె అక్వెర్దొ’ అనాలి, ‘సోయ్ దె అక్వెర్దొ’ అనకూడదు. ‘నువ్వన్నది నిజం’ అనడానికి ‘తియేనెస్ రసోన్’, అంటే నీ దగ్గర న్యాయం ఉంది అన్నట్టుగా చెబుతారు. విభేదించేటప్పుడు ‘నొ ఎస్తోయ్ దె అక్వెర్దొ’ అని నేరుగా మొదలుపెట్టడం కంటే, ‘ప్వేదె సేర్, పేరొ...’ (అయి ఉండవచ్చు, కానీ), ‘ఎస్ బెర్దాద్, పేరొ...’ (నిజమే, కానీ), ‘నొ ఎస్తోయ్ తాన్ సెగూర’ (నాకంత నమ్మకం లేదు) అని ఒక మెట్టు దిగి మొదలుపెట్టడం నేర్చుకోండి. ఒక మాట విషయంలో మాత్రం ప్రత్యేకంగా జాగ్రత్త చెప్పాలి. దిస్కుతీర్ అనే క్రియను చూసి ఇంగ్లీషులోని డిస్కస్ గుర్తుకు వస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లో, నాతో సాధన చేసే ఒక పెద్దావిడకు ‘ఈ విషయం మీతో చర్చించాలి’ అనే ఉద్దేశంతో ‘కియేరొ దిస్కుతీర్ కొన్ ఉస్తేద్’ అని రాశాను. తన వల్ల ఏం తప్పు జరిగిందని ఆవిడ నొచ్చుకుని జవాబు రాశారు. రోజువారీ వాడుకలో ఆ మాటకు వాదులాడుకోవడం, గొడవపడడం అనే అర్థమే ముందు తడుతుంది. ‘అబ్లార్ దె’, అంటే గురించి మాట్లాడడం, అని ఉంటే ఆవిడ మనసు కష్టపెట్టి ఉండేవాణ్ణి కాదు. ఇలాగే ‘అక్తువల్మెంతె’ అంటే ప్రస్తుతం అని అర్థం. ‘నిజానికి’ అని మాట మొదలుపెట్టాలంటే ‘ఎన్ రెయలిదాద్’ కావాలి.

తెలుగులో ‘అట’ అని ఒక్క ప్రత్యయంతో పూచీ మొత్తం ఇంకొకరి మీదికి నెట్టేస్తాం కదా, దానికి స్పానిష్‌లో ‘దీసెన్ కె’ (అంటున్నారు) గానీ, ‘మె’ లేని ఉత్త ‘పరేసె కె’ గానీ వాడతారు. మెక్సికో, కొలంబియా వంటి చోట్ల ‘దీస్కె’ అనే చిన్న మాట కూడా వినిపిస్తుంది. అది మన ‘అట’కు ఎంత దగ్గరంటే, చెప్పిన సంగతి మీద చెప్పేవారికి నమ్మకం లేదన్న ధ్వని కూడా అందులో ఉంటుంది. ఈసారి మీ మెక్సికో స్నేహితురాలి మాటల్లో దాని కోసం చెవి ఒగ్గి వినండి. ‘ఏమో’ అనే అర్థానికి ‘ఆ లొ మెహోర్’ వాడితే క్రియ మార్చే పని లేదు, ఎప్పుడూ ఇండికేటివే.

సాధన సంగతికి వస్తాను. మీరు ఆగిపోవడానికి జాబితా ఒక్కటే కారణం కాదు, వాక్యక్రమం కూడా. తెలుగులో మనం కారణం ముందు చెప్పి తీర్పు చివర చెబుతాం: ‘కొందరికి ఒంటరిగా అనిపిస్తుంది కాబట్టి ఇంటి నుంచి పని అందరికీ మంచిదని నేననుకోను.’ మన ‘అని’ చివర వస్తుంది, ‘అనుకోను’ అంతకన్నా చివర వస్తుంది. స్పానిష్‌లో తీర్పు ముందు, ‘కె’ దాని వెంటనే, సంగతి ఆ తరువాత, ‘పోర్కె’తో కారణం చివర. మీరు మనసులో కారణం దగ్గర మొదలుపెట్టి, దానికి కావలసిన స్పానిష్ మాటలు వెతుక్కుంటూ ఉండగా, నోరు తీర్పు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. కారణం ముందు పెట్టే ‘కోమొ’ వంటి పద్ధతి ఉంది గానీ, ప్రస్తుతానికి దాని జోలికి వెళ్లవద్దు. తీర్పు ముందు పలకండి. అది పలుకుతూ ఉండగానే కారణం వెతుక్కోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఆవిడ ‘కె తె పరేసె త్రబహార్ దెస్దె కాస?’ అని అడిగారనుకోండి. ‘మె పరేసె కోమొదొ’, సౌకర్యంగా అనిపిస్తుంది. ఇక్కడ ఒక క్షణం ఆగినా ఫరవాలేదు, మీ అభిప్రాయం బయటపడింది. ‘పేరొ నొ క్రేఓ కె సేయ బ్వేనొ పార తోదొస్’, కానీ అందరికీ మంచిదని అనుకోను. ‘పోర్కె ఆయ్ హెంతె కె సె సియెంతె సోల’, ఎందుకంటే ఒంటరిగా అనిపించేవాళ్లు ఉంటారు. మూడు చిన్న ముక్కలు: తీర్పు, దాని హద్దు, కారణం. ఒక వారమంతా ఒకే విషయం తీసుకుని, మీరు నిజంగా నమ్మేదాన్నే ఈ మూడు ముక్కల్లో పెట్టి రోజూ పైకి చెప్పండి. రెండో రోజు మాటలు మారనివ్వండి, అభిప్రాయాన్ని మార్చవద్దు. మీరు నమ్మని వాక్యం బట్టీ పట్టినా నిలవదు. నోటుపుస్తకంలోని మిగతా యాభై నాలుగింటిని ఈ మూడు ముక్కలు మీకు అలవాటైన తరువాత, నెలకు రెండు మూడు చొప్పున, సందర్భం తగిలినప్పుడు మాత్రమే తీసుకోండి.

పరీక్ష విషయానికి వస్తే, స్పెయిన్ ప్రభుత్వానికి చెందిన సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే డెలె బి2 మౌఖిక భాగం దాదాపుగా మీరు అడిగిన విషయం మీదే నడుస్తుంది. మొదటి అంశంలో ఒక సమస్యకు కొన్ని పరిష్కారాలు ఇచ్చి, వాటి మంచిచెడ్డలు చెప్పమంటారు. పైన చెప్పిన ‘మె పరేసె బియెన్ కె’ తరగతి, సబ్‌జంక్టివ్‌తో సహా, అక్కడ నేరుగా అక్కరకు వస్తుంది. చివరి అంశంలో ఒక సర్వే వివరాలు చూపి, వాటితో మీ అభిప్రాయాన్ని పోల్చి మాట్లాడమంటారు. దీనికి ముందుగా సిద్ధమయ్యే సమయం ఇవ్వరు కనుక, కంఠస్థం చేసిన ఉపన్యాసం అక్కడ పనికిరాదు. తీర్పు ముందు, కారణం వెనుక అనే అలవాటు పనికివస్తుంది.

అభిప్రాయమే లేకపోతే ఏం చెప్పాలని చివర అడిగారు. ఈ ప్రశ్న వేసినందుకు నాకు సంతోషం కలిగింది, ఎందుకంటే లేని అభిప్రాయాన్ని అప్పటికప్పుడు అల్లబోవడం వల్లనే చాలాసార్లు మాట తడబడుతుంది. ‘నుంక లొ అబీయ పెన్సాదొ’ అనండి, నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు అని అర్థం. ఆలోచించి కూడా తేల్చుకోలేకపోతే ‘నొ లొ తేంగొ క్లారొ’, నాకింకా స్పష్టంగా లేదు. పరిస్థితిని బట్టి అనిపిస్తే ‘దెపెందె’, కానీ అక్కడితో ఆపకుండా దేన్నిబట్టో ‘దె’ పెట్టి చెప్పండి. ఇవి కూడా పూర్తి జవాబులే, మీరు నిజమే చెప్పారు. ఆ వెంటనే ‘ఇ తూ, కె క్రేయెస్?’ (మరి నువ్వేమనుకుంటున్నావు?) అని అడిగి, ఆవిడ చెప్పేది వినండి. ఆవిడ మాటల్లో ‘మె పరేసె’ వినిపిస్తే మీ జవాబు ‘ఆ మీ’తో మొదలవుతుంది, ‘క్రేఓ’ వినిపిస్తే ‘యొ’తో మొదలవుతుంది.